లీవరు కాఫీ చేదెక్కడం ఎందువలన?

పెండ్లి విందులలో ఆవిరి గొట్టంతో పాలను బుస్సున పొంగించి, పైన చిటికెడు కాఫీపొడి చల్లి ఇచ్చే పానీయాన్ని మనవారు ఎక్స్‌ప్రెసో అంటారు. ఇటలీలో పుట్టిన ఎస్ప్రెస్సో ఇది కాదు. కాఫీపొడిని జల్లెడ గిన్నెలో బిళ్ళవలె అదిమి, దానిగుండా వేడినీటిని గొప్ప పీడనంతో నెట్టగా, అరనిమిషంలో దిగే చిక్కని డికాషనే అసలు ఎస్ప్రెస్సో. విద్యుత్తు పంపు లేకుండా, చేతితో పిడిని నొక్కి దీనిని తీసే చిన్న యంత్రాలు ఇప్పుడు ఇండ్లలోకి వస్తున్నవి. వీర్నపల్లి వంటి ఊరిలో ఉన్నవారు కూడ యంత్రాన్నీ, అరకు గింజలనూ తెప్పించుకొనవచ్చును. చిక్కు అంతా ఆ తర్వాతనే. మొదటి కప్పు తరచు నోట పెట్టలేనంత చేదుగా దిగుతుంది. చేసినవారు నాలుగు చెంచాల చక్కెర వేసి మింగి, గింజలు మంచివి కావని తీర్మానిస్తారు. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికాను, ఎర్రగా పండిన కాయలను చేతితో ఏరి సిద్ధం చేసిన గిరిజన రైతుకు ఇది అన్యాయమే. దోషం చాలవరకు గింజది కాదు, తీసిన పద్ధతిది.

1901లో మిలాన్ నగరవాసి లూయీజీ బెజ్జెరా పేటెంటు పొందిన యంత్రంలో నీటిని నెట్టే పని ఆవిరిదే. ఆవిరి పీడనం స్వల్పం. వేడి మాత్రం అధికం. అందుచేత కాఫీ మాడినట్లుండేది. అదే నగరంలో అకీల్లె గాజ్జియా 1947లో ఆవిరికి బదులు స్ప్రింగును, లీవరును వినియోగించి వేడినీ పీడనాన్నీ విడదీశాడు. ఇండ్లకు తగిన చిన్న లీవరు యంత్రాలు ఆ తర్వాత వచ్చినవి.

ఇందులోని భౌతికశాస్త్రం గడ్డపారతో బండను లేపడం వంటిదే. ఎస్ప్రెస్సోకు వాతావరణ పీడనానికి సుమారు 9 రెట్ల పీడనం కావలెను. అనగా చదరపు సెంటీమీటరుకు ఇంచుమించు 9 కిలోల బరువు. పిస్టను వ్యాసం 5 సెంటీమీటర్లు అనుకొంటే దాని వైశాల్యం దాదాపు 20 చదరపు సెంటీమీటర్లు. మొత్తం 180 కిలోలు! ఏ వస్తాదు చేయి కూడ నేరుగా ఇంత బరువు మోపలేదు. కాని పిడివైపు చేయి, పిస్టనువైపు చేయికి 9 రెట్ల పొడవుంటే 20 కిలోలు మోపితే చాలును.

ఇక రుచి సంగతి. ఉగాది పచ్చడి తిన్నవారికి పులుపు, చేదు, వగరు వేరువేరని చెప్పనక్కరలేదు. కాని కాఫీ కప్పు ముందు ఈ తెలివి మాయమవుతుంది. నాలుకను ముడిచే వగరునూ, పులుపునూ కూడ చేదే అంటారు. జబ్బు పేరు తప్పితే మందూ తప్పుతుంది కనుక ముందు దీనిని తేల్చుకోవలెను.

చేదుకు కారణం కాఫీన్ అని పాఠ్యపుస్తకాలు చదివినవారు కూడ అనుకొంటారు. కాఫీన్ చేదే, కాని కప్పులోని చేదులో దాని వాటా సుమారు 15 శాతమేనని మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయపు థామస్ హోఫ్‌మన్ బృందం 2007లో తెలిపినది. కాఫీన్ తీసివేసిన కాఫీ కూడ చేదుగా ఉండడం ఇందుకు సాక్ష్యం. పచ్చిగింజలోని క్లోరోజెనిక్ ఆమ్లాలు వేయించేటప్పుడు లాక్టోనులుగా మారుతవి. ఇవి మితమైన చేదు. గింజను నల్లగా మాడ్చితే లాక్టోనులు విరిగి ఫెనైల్ఇండేనులు పుడతవి. నాలుకను వదలని మొండి చేదు వీటిదే. కావున నూనె కారేటట్లు నల్లగా వేగిన గింజను తెచ్చి, తర్వాత ఎంత నేర్పు చూపినా ఫలితం అంతంతమాత్రమే.

పొడిలోని పదార్థాలన్నీ ఒకేసారి కరగవు. ముందు ఆమ్లాలు, తర్వాత తీపినిచ్చేవి, చివరకు చేదు పదార్థాలు అధికంగా దిగుతవి. ఫిల్టరు కాఫీ ఇండ్లలో రెండవ డికాషను పలుచగా, చేదుగా ఉండేది ఇందుకే. పొడి బరువులో సుమారు 30 శాతం నీటిలో కరగగలదు. 18 నుండి 22 శాతం కరిగినప్పుడు రుచి బాగుంటుందని అమెరికాలో ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ 1950 దశకంలో చూపినాడు. 16 గ్రాముల పొడి నుండి 3 గ్రాములు, మూడున్నర గ్రాములు రాబట్టి ఆగవలెనన్నమాట. విద్యార్థులు దీనిని స్వయంగా చూడవచ్చును: ధారను పది సెకండ్లకొక గ్లాసు చొప్పున మూడు గ్లాసులలో పట్టి రుచి చూస్తే, మొదటిది చిక్కగా పుల్లగా, రెండవది కమ్మగా, మూడవది పలుచగా చేదుగా ఉంటుంది.

ఇంట్లో సరిచేసేటప్పుడు ఒక్కొక్కసారి ఒక్క అంశాన్నే మార్చవలెను. 16 గ్రాముల పొడికి 32 గ్రాముల డికాషను, 25 నుండి 30 సెకండ్లు అని మొదలుపెట్టడం మంచిది. 45 సెకండ్లకు గాని దిగక చేదుగా ఉంటే పొడి మరీ మెత్తన; కొంచెం బరకగా మరాడించవలెను. పది సెకండ్లలోనే జారి, పుల్లగానూ చేదుగానూ ఉంటే కథ వేరు. చెరువు కట్టకు బుంగ పడినట్లు బిళ్ళలో ఒకచోట దారి ఏర్పడి నీరంతా అటే పరుగెత్తినదని అర్థం. ఆ దారిలోని పొడి నుండి అంతా కారిపోతుంది, మిగిలిన పొడి తడిసీ తడియనట్లుంటుంది. పొడిని ఉండలు లేకుండా విదిలించి, సమంగా అదిమి, మొదట ఐదారు సెకండ్లు తేలికగా నొక్కి తడవనిచ్చి, ఆ తర్వాతనే బలం పెట్టవలెను. మిక్సీలో కొట్టిన పొడిలో దుమ్మూ ఉంటుంది, రవ్వా ఉంటుంది. దానితో ఈ దోషం తీరదు. చికోరీ కలిపిన పొడి ఈ యంత్రానికి అసలే పనికిరాదు.

వేడి పెరిగితే చేదు త్వరగా కరుగుతుంది. నీరు పొడిని తాకేటప్పుడు 90 నుండి 95 డిగ్రీల సెంటీగ్రేడు ఉంటే చాలును. నల్లగింజకు ఇంకా కొంచెం తక్కువ మేలు. బాయిలరు గల యంత్రంలో లోపలి పీడనం బయటి వాతావరణం కంటె 0.8 రెట్లు అధికమైతే నీరు 117 డిగ్రీలకు చేరుతుంది. పిస్టను చుట్టూ ఉన్న లోహం దానిని చల్లారుస్తుంది. వరుసగా మూడు నాలుగు కప్పులు తీస్తే ఆ లోహమే కాగిపోతుంది. అందుకే చుట్టాలు వచ్చిననాడు చివరి కప్పు చేదవుతుంది. నడుమ తడిగుడ్డ చుట్టి చల్లార్చవలెను.

సాధారణ పంపు యంత్రంలో లేని సౌకర్యమొకటి చేతి లీవరులో ఉన్నది. చివరి పది సెకండ్లలో పొడి సారం తగ్గి బిళ్ళ బలహీనమవుతుంది. అప్పుడు చేతి బలాన్ని క్రమంగా సగానికి తగ్గిస్తే చేదు తగ్గుతుంది. స్ప్రింగు యంత్రంలో స్ప్రింగు సాగుతున్నకొద్దీ ఇది దానంతటదే జరుగుతుంది.

నీటిని కూడ అనుమానించవలెను. గ్రానైటు నేలల బోరునీటిలో బైకార్బనేటులు ఎక్కువగా ఉంటే అవి కాఫీలోని ఆమ్లాలను తటస్థీకరిస్తవి. పులుపు పోయి చేదొక్కటే పైకి తేలుతుంది, బాయిలరులో సున్నపు పొర కూడ పేరుకొంటుంది. జల్లెడకు అంటిన పాత నూనె పాచిపోయి మరొక చేదు కలుపుతుంది. ప్రతి కప్పు తర్వాత వేడినీటితో కడగడం నిమిషం పని. అయితే బాయిలరులో ఆవిరి ఉండగా మూతను గాని, బిళ్ళపై పీడనం ఉండగా గిన్నెను గాని విప్పరాదు. స్ప్రింగు యంత్రంలో పొడి లేకుండా పిడిని కిందికి లాగి వదలరాదు. అడ్డులేక అది ఎగిరి దవడకు తగులుతుంది.