గాలిబండి ఎక్కుటకు ముందు

నిజాంసాగరు జలాశయపు అంచుననున్న ఒక పల్లెనుండి మాకు ఒక ఉత్తరము వచ్చినది. వ్రాసినవారు నలుగురు బాలురు. ఎండలు ముదిరి మంజీర నీరు ఆనకట్టవైపునకు ఒదిగిపోగా, వారి ఊరివెనుక కనుచూపుమేర ఒండ్రునేల బయటపడినదట. నలుగురును బేరింగుబండి తోలుటలో ఆరితేరినవారే. మూడు చక్రముల బండికి తెరచాప కట్టి సముద్రతీరమున పరుగెత్తించు దృశ్యమును ఎవరో చేతిఫోనులో చూపగా, అట్టి బండి తామును చేయవలెనని సంకల్పించినారు. పాత సైకిలు చక్రములు, ఒక వెదురుబొంగు, చెఱకు ట్రాక్టరుపై కప్పు టార్పాలిను ముక్క ఇప్పటికే సమకూర్చుకొన్నారు. ఉత్తరము చివర ఇట్లున్నది: "ఇంజన్ లేదు, పెట్రోల్ లేదు. ఉత్త గాలే గదా, భయమేముంటది? మా నాయిన వద్దంటున్నడు. మీరన్న జెప్పుండ్రి."

చదివినపుడు మాకు మొదట ముచ్చటవేసినది. సైకిలు చక్రముల మాట వచ్చుసరికి భయము వేసినది. ఆ భయమునకు కారణమేమో చెప్పుటకే ఈ ప్రసంగము.

నేలమీద తెరచాపతో నడచు బండి క్రొత్తది కాదు. సుమారు 1600 నాటికే సైమన్ స్టెవిన్ అను ఇంజనీరు హాలండులో మారిస్ రాకుమారుని కొరకు అట్టి పెద్దబండి నొకదానిని నిర్మించెను. షెవెనింగెన్ తీరపు ఇసుకపై అది ఇరువదిమందికి పైగా జనమును ఎక్కించుకొని గుఱ్ఱములను మించి పరుగెత్తినదని ప్రసిద్ధి. బెల్జియము తీరమునందలి దె పన్నె అను ఊరిలో 1898 ప్రాంతమున ద్యూమాఁ సోదరులు దానిని ఒక క్రీడగా మార్చిరి. 1962లో ఆ క్రీడకు అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడినది. ఇక వేగము సంగతి: 2009 మార్చి 26న అమెరికాలోని ఇవాన్‌పా ఎండుచెరువుపై రిచర్డ్ జెంకిన్స్ అను ఆంగ్లేయుడు గంటకు 202.9 కిలోమీటర్ల వేగమును అందుకొనెను. 2022 డిసెంబరు 11న దక్షిణ ఆస్ట్రేలియాలోని గైర్డ్‌నర్ ఉప్పుసరస్సుపై గ్లెన్ ఆష్‌బీ దానిని దాటి 222 కిలోమీటర్లకు పోయెను. ఆనాడు వీచిన గాలి వేగము గంటకు నలుబది కిలోమీటర్ల ప్రాంతము మాత్రమే.

ఇచ్చట శ్రోతలు ఒక్కక్షణము ఆగి ఆలోచింపవలయును. గాలి నలుబది, బండి రెండువందల ఇరువది! తోయునది గాలియే అయినపుడు గాలిని మించి బండి ఎట్లు పోవును? "ఉత్త గాలే గదా" అను మాటలోని పొరపాటు ఈ చిక్కుముడిలోనే ఉన్నది.

గాలి లేని ఉక్కపూట మోటారుసైకిలుపై నిజామాబాదునుండి బోధనుకు పోవుచున్నామనుకొనుడు. ముఖమునకు గాలి విసరివిసరి కొట్టును. అది ఆకాశమునుండి వచ్చిన గాలి కాదు. మన పరుగు పుట్టించిన గాలి. తెరచాప బండి గాలికి అడ్డముగా పరుగెత్తునపుడు వీచు గాలియు, పరుగు పుట్టించిన గాలియు కలిసి ఒకే గాలియై తెరచాపను తాకును. బండి జోరందుకొన్న కొలదిని ఆ కలసిన గాలి మరింత బలపడును. అది బండిని ఇంకను జోరుగా లాగును. సరిగా వెనుకనుండి గాలి తోయునపుడు ఇట్లు జరుగదు. నీటిపై పడవకు నీరే అడ్డుపడి దానిని మందగింపజేయును. గట్టినేలపై చక్రములకు అట్టి అడ్డు చాల తక్కువ. అందుచేత క్రొత్తవాడు మెల్లగా పోవుదునని కూర్చుండి, నాలుగు ఊపిరులలో తాను తలపెట్టని వేగమునకు చేరుకొనును. గంటకు ముప్పదియాఱు కిలోమీటర్లనగా సెకండుకు పది మీటర్లు. "అరెరే" అనులోపల పొలమొకటి దాటిపోవును.

మరియొక లెక్క. గాలివేగము రెట్టింపైనచో తెరచాపపై పడు బలము నాలుగింతలగును; మూడింతలైనచో తొమ్మిదింతలు. ప్రొద్దున పదికిలోమీటర్ల గాలిలో ముద్దుగా నడచిన బండియే మధ్యాహ్నము ముప్పదికిలోమీటర్ల గాలిలో వేఱొక మృగమగును.

ఇక సైకిలు చక్రముల కథ. సైకిలు మలుపు తిరుగునపుడు తానుగూడ ఒరుగును. కనుక బరువు ఎల్లప్పుడును చక్రపు నిలువుననే పడును. దాని సన్నని పుల్లలు ఆ బరువుకొరకే అమర్చబడినవి. మూడు చక్రముల బండి ఒరుగదు. తెరచాపను ప్రక్కనుండి గాలి నెట్టునపుడు ఆ నెట్టుడంతయు చక్రమును అడ్డముగా వంచును. ఒక్క విసురుతో చక్రము అప్పడమువలె మడతపడగలదు. పాత స్కూటరు చక్రము బరువైనదేగాని ఈ పనికి అదియే నమ్మదగినది. అట్టివి బోధనులో పాత ఇనుపసామాను అంగళ్లలో దొరకకపోవు. వెదురుబొంగుకూడ చీలికలేనిదై, మొదట గట్టిగా బిగింపబడినదై ఉండవలయును. బొంగు విఱుగునది ఎప్పుడును తల మీదికే.

బండి పోవుటకంటె ఆగుట కష్టము. తెరచాపను పట్టు త్రాడును వదలి, బండి ముక్కును గాలికి ఎదురుగా త్రిప్పవలయును. అపుడు తెరచాప జెండావలె తపతప కొట్టుకొనును. బండి కొంతదూరము దొర్లి నిలుచును. వినుటకు ఇంత సులభము. కాని భయపడినవాని చేయి దీనికి సరిగా విరుద్ధమైన పని చేయును. గాలికి ఎదురుతిరుగుటకు మనసొప్పక, గాలి పోవువైపునకే త్రిప్పుకొని పారిపోజూచును. ఆ మలుపులో బండి మొదట మరింత వేగమందుకొనును. తెరచాప అడుగుననున్న అడ్డకఱ్ఱ ఒక్కసారిగా ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు విసరును. ఆ విసరుదారిలో తల ఉన్నదా, చెప్పవలసినదేమున్నది! కావున ఎక్కుటకు ముందు ఒక పూటంతయు బండిని చేతులతో నెట్టుచు, త్రాడు వదలి గాలికి త్రిప్పుట అను ఈ ఒక్క పనినే చేతికి అలవాటు చేయవలయును. తల మఱచినను చేయి మఱవకుండవలెను.

త్రాడు సంగతి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. సంక్రాంతికి గాలిపటము ఎగురవేయువారు మాంజాను వ్రేలికి చుట్టుకొని, కోసుకొని ఏడ్చుట మనమెఱుగుదుము. ఇచ్చట త్రాడును అరచేతికి చుట్టుకొన్నచో తెగునది వ్రేలు కాదు, బ్రతుకే. ఆ త్రాడును బండికి ముడివేయుట అంతకంటె పెద్ద తప్పు. ప్రమాదవేళ ఒక్క విదుపుతో వదలిపోవు త్రాడే బండికి మొదటి బ్రేకు. గాలివైపు చక్రము నేలను విడిచి లేచినపుడును మందు ఇదియే: త్రాడు సడలించుట. పడిపోవుదునేమోయని చేయిగాని కాలుగాని నేలకు ఊనరాదు. బండి ఒరిగినపుడు బయటకు చాచిన చేయియే బండిక్రింద నలుగును. న్యూజిలాండులో 1999 ప్రాంతమున వెలసిన బ్లోకార్ట్ అను చిన్నబండిలో కూర్చున్నవానిని నడుముపట్టీతో బిగించుటలోని రహస్యము ఇదియే; శరీరము చట్రములోపలనే ఉండిపోవును.

తొడుగుల విషయమునకు వత్తము. తలకు హెల్మెట్టు, గడ్డముక్రింద పట్టీ బిగించి. మన రోడ్లపై హెల్మెట్టును పెట్రోలు ట్యాంకుమీద కూర్చుండబెట్టి ఊరేగించు పెద్దమనుష్యులు కలరు; పోలీసును చూడగానే అది తలకెక్కును. బాలురు ఆ పెద్దలను అనుకరింపకుందురుగాక. కంటికి అద్దములు కావలెను, ఏలయన ముందుచక్రము చిమ్ము ఇసుకయు మట్టిపెళ్లలును నేరుగా ముఖమునకే వచ్చును. త్రాడు ఒరిపిడికి అరచేయి కాలకుండ తోలుతొడుగులు. కాళ్లు ముందునకు చాచి కూర్చుండువాడు చెప్పులతో ఎక్కరాదు; మడమను కప్పు బూట్లు కావలెను. ముంజేతివఱకు చొక్కా ఉండిన చర్మము గీచుకొనదు. మెడకు తువాలు, నడుమునకు వ్రేలాడు గుడ్డ ఏదియు పనికిరాదు. చక్రమును కప్పీయును వానిని ఆబగా మ్రింగును.

ఈ వస్తువులన్నియు కొని మూల పెట్టినందున ఫలము లేదు. 2019 సెప్టెంబరు 15న పాపికొండల త్రోవలో కచ్చులూరు వద్ద గోదావరిలో విహారపు లాంచి మునిగినది. ఎక్కినవారు డెబ్బదిమందికి పైగా. ఇంచుమించు ఏబదిమంది ఇండ్లకు మరలలేదు. బ్రతికి ఒడ్డెక్కినవారిలో పెక్కురు లైఫ్ జాకెట్టు ఒంటిమీద ఉన్నవారే. ప్రమాదము వచ్చిన తరువాత తొడుగుకొందుమన్న, ప్రమాదము అంత వ్యవధి ఇయ్యదు.

గాలిని వాహనముగా చేసికొనుట నేర్చు పిల్లలను చూడవలెనన్న మనము విదేశములకు పోనక్కరలేదు. హైదరాబాదు హుసేన్‌సాగరులో చిన్న తెరచాప పడవలపై పిల్లలు ఏటేట శిక్షణ పొందుచున్నారు. వారిలో పేదకుటుంబములవారు కొందఱు జాతీయపు పోటీలలో నెగ్గినారు. వారెక్కు ఆప్టిమిస్ట్ అను పడవ ఎనిమిది అడుగులైనను ఉండదు, ముప్పదియైదు కిలోల బరువు. ఈ పడవను నేర్పుచోట్ల తొలిపాఠములలో ఒకటి విచిత్రముగా తోచును: పడవను తామే బోర్లవేసి, దానిని తిరిగి నిలువబెట్టి ఎక్కుట! అదియును జాకెట్టు తొడిగి, ప్రక్కన కాపుపడవ ఉండగా. తప్పును ముందే చేయించి దాని భయమును తీర్చు ఈ పద్ధతి మాకు మిక్కిలి నచ్చినది. పడుట నేర్చినవానికే పోవుటకు అనుమతి.

ఇక మన బాలుర నేల. నిజాంసాగరు 1923లో ఆరంభమై 1931లో పూర్తియైనది. నిర్మాణకాలమున ఇంచుమించు ముప్పది టీఎంసీలుగానున్న జలాశయపు సామర్థ్యము పూడికవలన పదునెనిమిది టీఎంసీలలోపునకు తగ్గినది. ఆ తగ్గినదంతయు ఎచ్చటికి పోలేదు. బాలురు బండి నడుపదలచిన నేల అదియే. మంజీర తెచ్చి పోసిన మెత్తని ఒండ్రు. పైపొర ఎండి రాయివలె కనబడును. బెత్తెడు లోతున బురద ఉండవచ్చును. నల్లమట్టి నెఱ్ఱెలిచ్చినచోట ముందుచక్రము దిగబడెనా, బండి ఆగును, మనిషి ఆగడు. ఆపై వలలు కట్టిన గుంజల మొదళ్లు, మేతకు దిగిన గేదెలు, మిగిలిన నీటియంచున అడుసు. అందుచేత బండికి ముందు మనుష్యులు నడువవలెను. పరుగెత్తదలచిన మేరను కాలినడకన రెండుమార్లు కొలిచి, మడమతో తన్నిచూచి, సరిహద్దులకు సున్నము చల్లవలయును. నీటియంచునకు దూరముగా ఉండవలయును. విద్యుత్తీగలు పోవు త్రోవ పనికిరాదు; తడిసిన వెదురుగాని, ఇనుపగొట్టముగాని తీగకు తగులనక్కరలేదు, చేరువైనను చాలును.

గాలియు ఇచ్చట నమ్మదగినది కాదు. దె పన్నె తీరమున సముద్రపుగాలి తెరపిలేక ఒకే దిక్కునుండి వీచుట కలదు. మన వేసవిలో ప్రొద్దంతయు ఆకు కదలదు. సాయంకాలము ఈశాన్యముననో పడమటనో మబ్బు క్రమ్మి, దుమ్ము లేచి, నిమిషములో గాలిదుమారము విరుచుకొనిపడును. వెంటనే ఉరుము. చదునైన మైదానములో ఎత్తుగా నిలిచినది ఆ తెరచాపకొయ్య ఒక్కటే యైనచో పిడుగు వెదకుకొననక్కరలేదు. కనుక దూరమున మబ్బు నల్లబడినపుడే తెరచాప దింపి, బండిని ప్రక్కకు పడవేసి ఇల్లు చేరవలయును. తెరచాప దింపక నిలిపిన బండి మనిషి లేకుండగనే బయలుదేరగలదు.

బాలురు వద్దన్న తండ్రిగారి మాట ఎటులని అడిగిరి. ఆయన వద్దనుట న్యాయమే. బండిని చూడకయే అన్నారు గాన సగము న్యాయము. సైకిలు చక్రములను అటకెక్కించి, స్కూటరు చక్రములు తెచ్చి, టార్పాలినును మొదట సగమునకు మడిచి, బండిని ఆయన యెదుట త్రాడు వదలి ఆపి చూపుడు. ఆపగలిగినపుడు ఆయనయే మాట మార్చుకొనవచ్చును. మార్చుకొననిచో ఈ యేడు బేరింగుబండియే మేలు.

ఇద్దఱు కలిసి ఎక్కవచ్చునా యని కూడ వ్రాసినారు. ఎక్కరాదు. ఒక్కడు ఎక్కును, మిగిలిన ముగ్గురికిని పని ఉన్నది. ఒకడు గాలివచ్చు దిక్కున నిలిచి మబ్బును చూచుచుండవలయును. ఒకడు నీటివైపున, గేదెలును పసిపిల్లలును అడ్డము రాకుండ. మూడవవాడు సున్నపుగీత చివర ఎఱ్ఱగుడ్డ పట్టుకొని నిలువవలయును; ఆ గుడ్డ లేచినదా, త్రాడు వదలుటయే. గుడ్డ దొరకనిచో బండి ఎక్కువాడు తన మెడలోని తువాలు ఇచ్చి ఎక్కునది. ఎట్లును అది అతని మెడలో ఉండరాదు గదా.