ఫోన్ బరువు దించితే పాఠం చేతికందుతుంది

కురుగోడు వంటి ఊళ్లలో తెలుగు బడి పిల్లల ఇళ్లలో చాలాచోట్ల ఉండేది ఒక్కటే స్మార్ట్‌ఫోన్. పగలంతా అది తండ్రి వెంట మిరప చేనుకో, వరి మడికో పోతుంది. సాయంత్రం పిల్లల చేతికి వచ్చేసరికి ఆ రోజు డేటా అయిపోతే హోంవర్క్ తెరుచుకోదు. పక్కింటి పిల్లల పుస్తకం చూసి రాసుకుందామంటే అది కన్నడంలో ఉంటుంది. అందుకే బడి యాప్ ఎంత డేటా తింటుందో మనం పట్టించుకోక తప్పదు.

బరువంతా ఫొటోలోనే

కంప్యూటర్లో ఒక్కో తెలుగు అక్షరానికి, గుణింతపు గుర్తుకు సాధారణంగా 3 బైట్ల చోటు పడుతుంది. అలాంటి గుర్తులు 2,000 ఉన్న పేజీ సుమారు 6 కిలోబైట్లే. అదే పేజీని ఫొటో తీస్తే 3 మెగాబైట్లు ఉండొచ్చు. అంటే ఒక్క ఫొటోకయ్యే డేటాతో 500 పేజీల టైపు పాఠం పంపవచ్చు. ఆ ఫొటోను 40 ఇళ్లలో తెరిస్తే మొత్తం 120 మెగాబైట్లు ఖర్చు.

సర్వర్ ఏం చేయగలదు?

సర్వర్ అంటే ఎక్కడో దూరాన ఉండి, మన యాప్ అడిగినవి అందించే కంప్యూటర్. టీచర్ ఎక్కించిన ఫొటోను అది ఒక్కసారి 100 కిలోబైట్లకు కుదించి పెడితే, 40 ఫోన్లకూ కలిపి 4 మెగాబైట్లే అవుతుంది. మార్కుల సంగతీ అంతే. కొన్ని యాప్‌లు తరగతి పట్టిక మొత్తాన్నీ ఫోన్‌లోకి దించి, మన బిడ్డ పేరును అక్కడ వెతుకుతాయి. వెతికే పని సర్వరే చేస్తే ఆ ఒక్క వరుసే వస్తుంది. డేటా మిగులుతుంది, తోటి పిల్లల మార్కులూ బయటపడవు.

ఈ పద్ధతి పాతదే. నార్వేకు చెందిన ఒపెరా సంస్థ 2006లో ప్రపంచమంతటా విడుదల చేసిన ఒపెరా మినీ బ్రౌజర్, వెబ్ పేజీని ముందు తన సర్వర్లో తెరిచి, కుదించి, ఆ తర్వాతే ఫోన్‌కు పంపేది. 2015లో వచ్చిన ఫేస్‌బుక్ లైట్ కూడా చాలా పనిని సర్వర్‌కే అప్పగించింది.

ఫోన్‌కు వదలాల్సిన పనులు

పిల్లలు నోటుబుక్కు ఫొటో పంపేటప్పుడు లెక్క తిరగబడుతుంది. పెద్ద ఫొటో సర్వర్‌కు చేరేలోపే డేటా ఖర్చయిపోతుంది కాబట్టి అక్కడ కుదింపు ఫోన్‌లోనే జరగాలి. మళ్లీ మళ్లీ చూసే పాఠాన్ని ఒకసారి దించుకోవడమే మేలు. దీక్షా యాప్‌లో దించుకున్న పాఠాలను నెట్ లేకున్నా చూడవచ్చు.

బడి అడగాల్సిన ప్రశ్నలు

యాప్ తీసుకునే ముందు నాలుగు సంగతులు అడుగుదాం. ఫొటోలను సర్వర్ కుదిస్తుందా? తెరిచిన ప్రతిసారీ అన్నీ మళ్లీ దించుతుందా, లేక కొత్తవి మాత్రమేనా? పిల్లల ఫొటోలు, వివరాలు ఆ సర్వర్లో ఎవరి చేతిలో ఉంటాయి? నెట్ లేనప్పుడు నిన్నటి పాఠమైనా కనిపిస్తుందా?

తల్లిదండ్రులు ఫోన్ సెట్టింగ్స్‌లో డేటా వాడకం దగ్గర చూస్తే ఏ యాప్ ఎంత తిన్నదో తెలుస్తుంది. ఆ అంకెను నెలకోసారి బడికి చెప్పండి. ఇక ఉపాధ్యాయులుగా మేము ఈ రోజే మొదలుపెట్టగల పని ఒకటుంది: నాలుగు ప్రశ్నల హోంవర్క్‌ను బోర్డు మీద రాసి ఫొటో తీసే బదులు తెలుగులో టైపు చేసి పంపడం.