ఇక్కడా ఖరీఫే... మనూళ్లో నాట్లేసేదెవరు?

రైసూత్‌లో జూన్ నెలాఖరు నుంచి సెప్టెంబర్ దాకా సన్నటి తుంపర పడుతూనే ఉంటుంది. ఇక్కడివాళ్లు ఈ కాలాన్ని ‘ఖరీఫ్’ అంటారు. మనూళ్లో వానాకాలం పంటకు వాడే మాటే! మస్కట్ ఎండకు మాడిపోతుంటే సలాలా కొండలు పచ్చబడతాయి. ఇక్కడి కొబ్బరితోటలు చూసి మాలో కోనసీమవాళ్లు ఇంటిమీద బెంగ పెట్టుకుంటారు.

అలాంటి ఒక సాయంత్రం క్యాంపులో కూర్చున్నాం. ఆర్మూరు వైపు తమ్ముడు ఇంటికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. ‘‘నాట్లు అయినయా నాయినా?’’ అని అడిగాడు.

‘‘అయినయ్ బిడ్డా. బీహారోళ్లు వచ్చి ఏసిన్రు. మనూళ్లె పిలగాండ్లు యాడున్నరు?’’

మా గదిలోనే బీహార్ కుర్రాడున్నాడు. వాళ్లన్న నిజామాబాద్ జిల్లాలో రైస్‌మిల్లు హమాలీ అట. ముందు అందరం నవ్వాం. తర్వాత ఎవరికీ మాట రాలేదు. మేం గల్ఫ్‌కొచ్చాం, మా పొలాల్లోకి వాళ్లొచ్చారు.

ఒకే దేశం... రెండు లెక్కలు

జనాభా తగ్గకుండా నిలవాలంటే ఒక్కో తల్లికి సగటున 2.1 మంది పిల్లలుండాలంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఇది 1.7, తెలంగాణలో 1.8. బీహార్‌లో మాత్రం 3. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న నిబంధనను ఆంధ్రప్రదేశ్ 2024లో ఎత్తేసింది కూడా.

మన దగ్గరా అన్ని జిల్లాలూ ఒకటి కావు. 2001-2011 మధ్య అప్పటి రంగారెడ్డి జిల్లా జనాభా 48 శాతం పెరిగింది. కరీంనగర్‌లో పెరుగుదల 8 శాతం, పశ్చిమ గోదావరిలో మూడున్నర శాతమే. పనులు, పెట్టుబడులు హైదరాబాద్ చుట్టూ చేరితే జనమూ అటే పోయారు. మిగిలినవాళ్లలో చాలామంది విమానం ఎక్కారు. 2011లో నిజామాబాద్ జిల్లాలో ప్రతి 1000 మంది మగవాళ్లకు 1040 మంది ఆడవాళ్లున్నారు. గల్ఫ్ వలస కూడా దానికో కారణమే.

తలలు లెక్కపెట్టే వేళ

కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదని లోక్‌సభ సీట్ల పంపకాన్ని 1976లో రాజ్యాంగ సవరణ చేసి 1971 జనాభా దగ్గరే ఆపారు. 2002లో అమల్లోకి వచ్చిన 84వ సవరణ ఆ గడువును 2026 తర్వాతి మొదటి జనాభా లెక్కల దాకా పొడిగించింది. ఆ లెక్కలకు పెట్టిన తేదీ 2027 మార్చి 1. అందుకే సీట్ల మీద దక్షిణాదిలో ఇంత గుబులు. విదేశంలో ఉన్న మనం ఊరి లెక్కలోకి రాం. పంచాయతీ గ్రాంట్లు పంచేటప్పుడు కూడా జనాభాకే పెద్దపీట. మనిషీ లేడు, లెక్కా లేదన్నమాట!

తప్పంతా ప్రభుత్వాలదేనా? నాలుగు రియాళ్లు మిగిలితే మనం చేసేదేంటి? ఘట్‌కేసర్ వైపో, శంషాబాద్ వైపో ప్లాటు కొంటాం. ఊళ్లో కట్టిన ఇంటికి తాళం వేస్తాం. ఊరిని ఖాళీ చేయడంలో మన చెయ్యీ ఉంది.

ఇక్కడ షట్టరింగ్, స్టీలు పనిలో ఆరితేరిన మనవాళ్లు ఎందరో ఉన్నారు. నలుగురు కలిసి మండల కేంద్రంలో సెంట్రింగ్ సామాను కిరాయికిచ్చే దుకాణం పెట్టినా పదిమందికి పని దొరుకుతుంది. ప్లాటు మాట ఒక్క ఏడాది వాయిదా వేసి చూద్దాం. వచ్చే ఖరీఫ్‌కు మనలో ఒక్కరైనా ఊళ్లో ఉంటే, ఫోన్లో ఆ పెద్దాయన జవాబు మారుతుంది.