నీళ్లలో మునిగిన జలాంతర్గామికి కబురెలా?

సముద్రం అడుగున సెల్‌ఫోన్ సిగ్నల్ అందదు. ఎందుకు? ఉప్పునీటిలో కరెంటు సులువుగా పారుతుంది. అందుకే మామూలు రేడియో తరంగాల శక్తిని అది పైపైనే మింగేస్తుంది.

తరంగం ఎంత పొడవైతే అంత లోతుకు దిగుతుంది. 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక్కో తరంగం పొడవు 15 కిలోమీటర్లు! అదైనా పది ఇరవై మీటర్లే దిగగలదు. కాబట్టి లోతున దాగిన జలాంతర్గామి, గాలిపటం దారం వదిలినట్టు, తేలే యాంటెనా తీగను పైకి వదులుతుంది. మాటలు వినిపించవు, కోడ్ అక్షరాలే నెమ్మదిగా అందుతాయి. ఈ తరంగాలతో బదులివ్వడం జలాంతర్గామికి కుదరదు. అంత పెద్ద ట్రాన్స్‌మిటర్ లోపల పట్టదు కదా!

తమిళనాడులో తిరునెల్వేలి దగ్గరున్న ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ జలాంతర్గాములకు ఇలాంటి కబుర్లు పంపే కేంద్రమే. మరోదానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. ఎక్కడో తెలుసా? సముద్రమే లేని తెలంగాణలో, వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో! ఈ తరంగాలు నేలకూ, పై వాతావరణంలోని అయనోస్ఫియర్ పొరకూ మధ్య వేల కిలోమీటర్లు సాగిపోతాయి మరి.