అండమాన్ గడియారం ఎంత ముందుకు జరగాలి?

నవంబరు మూడో వారంలో పోర్ట్ బ్లెయిర్‌లో పొద్దు గుంకేది సాయంత్రం 4.52 ప్రాంతంలో. అదే రోజు హైదరాబాద్‌లో సూర్యాస్తమయం 5.40కి. గుజరాత్ కొసన ఉన్న ద్వారకలోనైతే 6 దాటాక. మూడు ఊళ్ళలోనూ గోడ గడియారాలు మాత్రం ఒకే సమయం చూపిస్తాయి. ద్వారకలో పిల్లలు ఇంకా వీధిలో ఆడుకుంటుండగా పోర్ట్ బ్లెయిర్ పిల్లలు లైట్లు వేసుకుని గంటసేపవుతుంది. మే నెలాఖరుకు ఇదే తేడా ఉదయాన కనిపిస్తుంది. తెల్లవారి 5 కాకుండానే పోర్ట్ బ్లెయిర్‌లో సూర్యుడు పైకి వచ్చేస్తాడు. అప్పటికి బడి తెరవరు, బ్యాంకు తెరవరు, ఆఫీసు తెరవరు. పొద్దున మూడు గంటల వెలుగు ఎవరికీ అక్కరకు రాకుండా పోతుంది, సాయంత్రం అదే వెలుగు కోసం కరెంటు కాల్చాలి.

2024లో శ్రీ విజయపురంగా పేరు మార్చుకున్న ఈ ఊరూ, దాని చుట్టూ ఉన్న దీవులూ మనకు దూరమేమీ కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనం 3.8 లక్షలు. వాళ్ళలో 13 శాతం మంది తమ మాతృభాష తెలుగు అని చెప్పారు. అంటే సుమారు యాభై వేల మంది. ఉత్తరాంధ్ర తీరం నుంచి చేపల వేటకూ కూలి పనులకూ వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు అందులో ఎన్నో. విశాఖపట్నం నుంచి దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటితే పోర్ట్ బ్లెయిర్. ఆ దీవులకు వేరే టైమ్ జోన్ ఉండాలా అనే ప్రశ్న మన బంధువుల పొద్దుపొడుపుకూ నిద్రకూ సంబంధించినది.

లెక్క సులువే. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి ఒక్కో రేఖాంశానికి 4 నిమిషాలు. భారత ప్రామాణిక కాలానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది ఉత్తరాన మీర్జాపూర్ దగ్గర నుంచి కిందికి దిగి, కాకినాడ జిల్లాలో తుని పరిసరాల మీదుగా బంగాళాఖాతంలో కలుస్తుంది. తునిలో సూర్యుడూ గడియారమూ దాదాపు ఒకే మాట చెబుతాయి. పోర్ట్ బ్లెయిర్ 92.75 డిగ్రీల దగ్గర ఉంది. పదీపావు డిగ్రీల తేడా, అంటే 41 నిమిషాలు. అక్కడ సూర్యుడు గడియారం కంటే సగటున అంత ముందుంటాడు.

ఎప్పుడూ సరిగ్గా 41 నిమిషాలే అనుకుంటే మాత్రం పొరపాటు. సూర్యుడు నడినెత్తికి వచ్చే క్షణం ఏడాది పొడవునా గడియారంతో దోబూచులాడుతుంది. ఇందుకు కారణాలు రెండు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి కచ్చితమైన వృత్తం కాదు. జనవరి మొదట్లో సూర్యుడికి దగ్గరై వేగంగా, జులై మొదట్లో దూరమై నెమ్మదిగా కదులుతుంది. రెండోది, భూమి అక్షం ఇరవై మూడున్నర డిగ్రీలు ఒరిగి ఉండటం. ఈ రెండూ కలిసి నవంబరు తొలి వారంలో సూర్యుణ్ణి గడియారం కంటే 16 నిమిషాలు ముందుకు నెడతాయి, ఫిబ్రవరి నడుమ 14 నిమిషాలు వెనక్కి లాగుతాయి. అందుకే పోర్ట్ బ్లెయిర్‌లో నవంబరు మొదట్లో ఉదయం 11.03కే మిట్టమధ్యాహ్నమైపోతుంది! ఫిబ్రవరిలో అదే 11.33కి. ఏడాదిలో అతి చిన్న పగలు డిసెంబరు 21న వచ్చినా, పొద్దు అన్నిటికంటే ముందుగా గుంకేది నవంబరులో కావడానికి కారణం ఇదే. డిసెంబరు 21 నాటికి సూర్యాస్తమయం 5 దాటాకే. భూమధ్యరేఖకు దగ్గరి ఊళ్ళలో పగటి నిడివి ఏడాది పొడవునా పెద్దగా మారదు కాబట్టి ఈ దోబూచులాట అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఇరుగుపొరుగు చూస్తే తేడా ఇంకా కొట్టొచ్చినట్టు ఉంటుంది. ఉత్తర అండమాన్ కొసకు ఎదురుగా, కొద్ది దూరంలోనే మయన్మార్‌కు చెందిన కోకో దీవులు ఉన్నాయి. అక్కడి గడియారం మనకంటే గంట ముందు. దక్షిణాన గ్రేట్ నికోబార్ ఇందిరా పాయింట్ నుంచి చూస్తే ఇండోనేషియాలోని ఆచే తీరం చెన్నై కంటే ఎంతో దగ్గర. అక్కడ గంటన్నర ముందు. ఒకే సముద్రంలో, దాదాపు ఒకే రేఖాంశం మీద చేపల వేటాడే ముగ్గురు జాలర్ల చేతి గడియారాల్లో మూడు వేర్వేరు సమయాలుంటాయి.

దేశానికి రెండు టైమ్ జోన్‌లు కావాలన్న వాదన పాతదే. అస్సాం తేయాకు తోటలు ఇప్పటికీ గంట ముందున్న చాయ్ బాగాన్ సమయంతో నడుస్తున్నాయి. 2018లో ఆ వాదనకు శాస్త్రీయమైన బలం వచ్చింది. సీజియం అణు గడియారాలతో దేశ కాలాన్ని కాపాడే ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల శాస్త్రవేత్తలే కరెంట్ సైన్స్ పత్రికలో ఒక ప్రతిపాదన ప్రచురించారు. ఈశాన్య రాష్ట్రాలకూ అండమాన్ నికోబార్‌కూ గ్రీనిచ్ కంటే ఆరున్నర గంటలు ముందుండే రెండో జోన్ ఇవ్వాలని, మిగతా దేశానికి ఇప్పటి అయిదున్నర గంటలే ఉంచాలని దాని సారాంశం. రెండు జోన్‌లకు హద్దు అస్సాం, పశ్చిమ బెంగాల్ సరిహద్దు దగ్గర 89 డిగ్రీల 52 నిమిషాల రేఖాంశం.

అభ్యంతరాల్లో అన్నిటికంటే గట్టిగా వినిపించేది రైళ్ళ గురించి. హద్దు దాటే ప్రతిసారీ గడియారం మార్చాలంటే సిగ్నళ్ళ దగ్గర ఒక్క మనిషి పొరబడినా రెండు రైళ్ళు ఒకే పట్టా మీదికి రావచ్చన్న భయం. న్యూ కూచ్ బెహార్, అలీపుర్‌దువార్ స్టేషన్ల దగ్గర మార్చుకుంటే చాలని శాస్త్రవేత్తలు సమాధానమిచ్చారు. వ్యూహాత్మక కారణాలు చూపి కేంద్రం ఒప్పుకోలేదు. ఈశాన్యం విషయంలో ఈ భయాన్ని కొట్టిపారేయలేం. అండమాన్‌లో మాత్రం రైలే లేదు! అన్ని దిక్కులా సముద్రమే హద్దు. గీత ఎక్కడ గీయాలన్న తగాదా లేదు, గీతకు అటు ఒక పల్లె ఇటు ఒక పల్లె అన్న ఇబ్బంది లేదు. అయినా ఇన్నేళ్ళుగా దీవుల ప్రశ్నను ఈశాన్యం ప్రశ్నకు కట్టిపడేసి, ఆ ఒక్క కారణంతో రెంటినీ పక్కన పెడుతున్నారు. నా అభ్యంతరం దీని మీదే. దీవుల కేసును విడిగా వినాలి.

విడిగా వింటే ముందు తేల్చాల్సింది, ఎంత ముందుకు అన్నది. పూర్తి గంట జరిపితే ఏమవుతుందో ఊహించడానికి మనకు హైదరాబాదే చాలు. హైదరాబాద్ 82.5 డిగ్రీలకు పడమరగా ఉండటంతో అక్కడ సూర్యుడు గడియారం కంటే 16 నిమిషాలు ఆలస్యం. ఆరున్నర గంటల జోన్‌లోకి వెళితే పోర్ట్ బ్లెయిర్‌లో సూర్యుడు 19 నిమిషాలు ఆలస్యమవుతాడు. అంటే రెండు ఊళ్ళ పరిస్థితీ ఇంచుమించు ఒకటే. నవంబరులో పొద్దు 5.52కి గుంకుతుంది, జనవరి చివర 6.45కి పొడుస్తుంది. మనం రోజూ అలాగే బతుకుతున్నాం కదా. అరగంట మాత్రమే జరిపి ఆరు గంటల జోన్ తీసుకుంటే సూర్యుడు 11 నిమిషాలు ముందుంటాడు. భువనేశ్వర్‌లో ఇప్పుడున్న తేడా దాదాపు ఇంతే. అప్పుడు నవంబరు సూర్యాస్తమయం 5.22, మే సూర్యోదయం 5.25, జనవరి చివర సూర్యోదయం 6.15.

మన ఒంట్లోని గడియారం ఈ రెండింటిలో దేన్ని ఇష్టపడుతుంది? మెదడులో కంటి నరాలు ఒకదాన్నొకటి దాటే చోటుకు సరిగ్గా పైన వేలాది నాడీకణాల చిన్న ముద్ద ఒకటుంది. కంట్లో పడే వెలుగును బట్టి నిద్ర, మెలకువ, ఒంటి వేడి, ఆకలి అన్నిటినీ అదే నడిపిస్తుంది. చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోను ఊరి నిద్రకు దారి వేస్తుంది. పొద్దుటి వెలుగు ఈ గడియారాన్ని ముందుకు జరుపుతుంది, రాత్రి పొద్దుపోయేదాకా ఉన్న వెలుగు వెనక్కి జరుపుతుంది. అందుకే పొద్దు ఆలస్యంగా గుంకే చోట మనుషులు ఆలస్యంగా పడుకుంటారు. బడి, ఆఫీసు వేళలు మాత్రం అలాగే ఉండటంతో కోత పడేది నిద్రకే. ఆర్థిక శాస్త్రవేత్త మౌలిక్ జగ్నాని భారతీయ పిల్లల నిద్ర మీద చేసిన అధ్యయనంలో, సూర్యాస్తమయం గంట ఆలస్యమైతే పిల్లల నిద్ర సుమారు అరగంట తగ్గుతోందని, దాని దెబ్బ చదువు మీద పడుతోందని తేలింది. ఈ కోణంలో చూస్తే నష్టపోతున్నది దేశపు పడమటి పిల్లలు. పెందలాడే చీకటి పడే అండమాన్ పిల్లలకు నిద్ర విషయంలో ఇప్పుడు కొంత మేలే జరుగుతూ ఉండాలి. వాళ్ళ సాయంత్రాన్ని పొడిగిస్తున్నామన్న ఉత్సాహంలో రాత్రి నిద్రను కోసేయకూడదు. గంటకు బదులు అరగంట వైపు నేను మొగ్గడానికి మొదటి కారణం ఇదే.

రెండో కారణం శ్రీలంక. 1996లో వానలు లేక జలవిద్యుత్తు పడిపోయినప్పుడు ఆ దేశం మే నెలలో గడియారాన్ని ఒక్కసారిగా గంట ముందుకు తోసింది. అక్టోబరులోనే అరగంట వెనక్కి తగ్గక తప్పలేదు. తర్వాత పదేళ్ళు ఆరు గంటల జోన్‌లో గడిపి, 2006 ఏప్రిల్‌లో తిరిగి మన సమయానికే వచ్చేసింది. తెల్లవారకముందే పిల్లలు బడికి బయల్దేరాల్సి రావడం తల్లిదండ్రుల ప్రధాన ఫిర్యాదు. కొలంబో 80 డిగ్రీల దగ్గర ఉంది, పోర్ట్ బ్లెయిర్ దానికి 13 డిగ్రీల తూర్పున. కాబట్టి అక్కడ విఫలమైనది ఇక్కడా విఫలమవుతుందని చెప్పలేం. పెద్ద గెంతు వేశాక వెనక్కి రావడం ఎంత ఇబ్బందో మాత్రం తెలుస్తుంది.

కరెంటు ఆదా సంగతి ఆచితూచి మాట్లాడాలి. దీవుల్లో విద్యుత్తు ఎక్కువగా డీజిల్ జనరేటర్ల నుంచే వస్తుంది. ఆ డీజిల్ ప్రధాన భూభాగం నుంచి ఓడల్లో రావాలి. సాయంత్రం దీపాలు అరగంట ఆలస్యంగా వెలిగి, జనం అదే వేళకు పడుకుంటే ఆ మేరకు డీజిల్ మిగలాలి. ఒకప్పుడైతే ఈ లెక్క తిరుగులేనిది. ఎల్ఈడీలు వచ్చాక దీపాల వాటా తగ్గింది, ఫ్యాన్లు, ఏసీల వాటా పెరిగింది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం 2006లో వేసవి కాలమానం అమలు చేసినప్పుడు ఇళ్ళలో కరెంటు వాడకం తగ్గకపోగా దాదాపు ఒక శాతం పెరిగింది. ఎండ తగ్గకముందే జనం ఇళ్ళకు చేరి ఏసీలు వేసుకోవడం ఒక కారణం. ఏడాది పొడవునా ఉక్కపోసే అండమాన్‌లో ఇది వర్తించదని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆదా పేరు చెప్పి మార్పు కోరడం కంటే, సాయంత్రపు వెలుగు మనుషులకు ఉపయోగపడాలని కోరడమే నిజాయితీ.

ప్రపంచంలో చాలా దీవులు ఈ ప్రశ్నను ఎదుర్కొన్నాయి. వాటిలో ఎక్కువ భాగం సూర్యుణ్ణి కాక, తాము ఎవరితో బేరసారాలు చేస్తాయో వాళ్ళను చూసి గడియారం దిద్దుకున్నాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లతో వ్యాపారానికి వారంలో రెండు రోజులు చెడుతున్నాయని సమోవా 2011 డిసెంబరు 30ని క్యాలెండరు నుంచే తీసేసి తేదీ రేఖకు అవతలి వైపు దూకింది. రెండు వేల జనాభా ఉన్న నార్‌ఫోక్ దీవి 2015లో అరగంట వెనక్కి జరిగింది. సిడ్నీతో లయ తప్పకూడదని 2019 నుంచి వేసవిలో గంట ముందుకు జరపడమూ మొదలుపెట్టింది.

అండమాన్‌కు నిజమైన పోలిక బ్రెజిల్‌లో ఉంది. ఫెర్నాండో డి నొరోన్యా అనే చిన్న ద్వీపసమూహం ఆ దేశ తీరానికి తూర్పున 350 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. జనాభా మూడు వేలు. పరిపాలన పెర్నాంబుకో రాష్ట్రానిది, సరుకులన్నీ ప్రధాన భూభాగం నుంచే. అయినా వాళ్ళ గడియారం బ్రెజీలియా కంటే, తమ సొంత రాష్ట్రం కంటే కూడా, గంట ముందు. స్పెయిన్‌కు కానరీ దీవులు, పోర్చుగల్‌కు అజోర్స్, ఈక్వడార్‌కు గలాపగోస్, చిలీకి ఈస్టర్ దీవి ఇలాగే వేరే సమయంలో బతుకుతున్నాయి. వేరే గడియారం ఉన్నందుకు వీటిలో ఏ దేశమూ ముక్కలు కాలేదు. సమైక్యత పేరుతో మన దగ్గర చేసే వాదన అందుకే నన్ను ఒప్పించదు.

ఇబ్బందులు లేవని కాదు. విమానం, ఓడ టికెట్ల మీద రెండు సమయాలు వేయాలి. దేశమంతా ఒకేసారి రాసే ప్రవేశ పరీక్ష అక్కడ అరగంట తర్వాతి వేళకు మొదలవుతుంది. బ్యాంకు లావాదేవీల ముగింపు వేళలు సర్దుకోవాలి. విశాఖలో ఉన్న అన్నకు ఫోన్ చేసే చెల్లెలు ఒక్కసారి ఆలోచించుకోవాలి. గల్ఫ్‌కూ అమెరికాకూ రోజూ ఫోన్లు చేసే తెలుగు ఇళ్ళకు ఇది కొత్త విద్యేమీ కాదు. గడియారాన్ని ముట్టుకోకుండా ఆఫీసులు, బడులు ముందే తెరిస్తే చాలదా అని అడిగేవాళ్ళున్నారు. బడికి చాలు. ప్రధాన భూభాగం వేళలతో ముడిపడిన బ్యాంకులు, కంపెనీలు, టీవీ కార్యక్రమాలు ముందుకు జరగవు కాబట్టి, ఇంట్లో ఒకరు పొద్దున్నే లేచి మరొకరు రాత్రి పొద్దుపోయాక ఇల్లు చేరే పరిస్థితి వస్తుంది.

జార్వాలు, సెంటినలీయులు, షోంపెన్‌ల వంటి ఆదిమ తెగల జీవితాన్ని ఈ మార్పు తాకదు, తాకకూడదు కూడా. వేటకు వెళ్ళే జాలరి పోటునూ పాటునూ చూసి బయల్దేరతాడు. మార్పు తగిలేది బడి పిల్లలకూ ఉద్యోగులకూ దుకాణదారులకూ. అడగాల్సింది వాళ్ళనే. అండమాన్ నికోబార్‌కు శాసనసభ లేదు. లోక్‌సభలో ఉన్నది ఒక్కరే. వాళ్ళ అభిప్రాయం తెలుసుకునే ప్రయత్నం ఢిల్లీ నుంచే మొదలవ్వాలి. ఒక ఏడాది పాటు ఆరు గంటల జోన్‌ను ప్రయోగంగా పెట్టి, నెలనెలా డీజిల్ ఖర్చు, పిల్లల నిద్ర, సాయంత్రం వేళ రోడ్డు ప్రమాదాలు లెక్కగట్టవచ్చు. అంత చిన్న చోట ఇంత శుభ్రంగా కొలవగలిగే అవకాశం మళ్ళీ దొరకదు.

అందుకు దారి మాత్రం ఇరుకవుతోంది. అధికారిక, వాణిజ్య అవసరాలన్నిటికీ భారత ప్రామాణిక కాలాన్నే తప్పనిసరి చేసే ముసాయిదా నిబంధనలను కేంద్రం 2025 జనవరిలో ప్రజల ముందు పెట్టింది. సర్వర్లు, బ్యాంకులు, టెలికాం నెట్‌వర్కులు ఒకే కచ్చితమైన కాలాన్ని పాటించాలన్న దాని ఉద్దేశం మంచిదే. అణు గడియారం ఒకటే ఉన్నా దాని నుంచి రెండు జోన్‌లకు సమయం పంపడం సాంకేతికంగా చిన్న పని. ఆ నిబంధనల్లో అండమాన్ నికోబార్‌కు మినహాయింపు ఇచ్చే వీలు కల్పించే ఒక్క వాక్యం చేరిస్తే, నిర్ణయం ఎప్పుడు తీసుకున్నా చట్టం అడ్డురాదు.