ఆల్చిప్ప వేషంలో రొయ్య చుట్టం

రెజిమెంటల్ బజార్‌లో మా మేడ మీద అమ్మ కలువలు పెంచే తొట్టి ఒకటుంది. అందులో ఆవగింజలో సగం ఉండే చుక్కలు గిరగిరా ఈదుతుంటాయి. ఫోన్‌కి లెన్స్ తగిలించి చూస్తే రెండు చిప్పలు కనిపించాయి. వెంటనే క్లాస్ గ్రూప్‌లో "బేబీ ఆల్చిప్పలు" అని పెట్టేశా. ఓ సీనియర్ ఒకే ప్రశ్న అడిగాడు: "ఆల్చిప్పకి మీసాలుంటాయా?"

మళ్ళీ చూశా. చిప్పల సందులోంచి మీసాలు బయటికొచ్చి తెడ్లలా ఊగుతున్నాయి. అది ఆస్ట్రకాడ్. రొయ్య, పీతల వర్గమే, కాకపోతే రెండు సున్నపు చిప్పల మధ్య ఒదిగి బతుకుతుంది. వీటి గుడ్లు ఎండినా చావవు కాబట్టి కలువ దుంప బురదతో మేడెక్కి ఉంటాయి.

తొట్టిలోది మంచినీటి రకం. వీటి చుట్టాలు సముద్రంలో ఇంకా ఎక్కువ. దసరా సెలవుల్లో భీమిలి నుంచి తెచ్చిన ఇసుకను కడిగి, ఆరబెట్టి, నల్ల కాగితం మీద పరిచా. తడి బ్రష్ కొనతో ఒక్కో చిప్పా ఏరితే పదకొండు దొరికాయి. ఇక్కడ మీసాల్లేవు, జీవి చచ్చిపోయి ఉత్త చిప్పలే మిగిలాయి. మరి ఎలా గుర్తుపట్టాలి?

మొదట గీతలు చూడాలి. ఆల్చిప్ప తన చిప్పనే అంచుల్లో పెంచుకుంటూ పోతుంది కాబట్టి దాని మీద పెరుగుదల గీతలు పడతాయి. ఆస్ట్రకాడ్ అలా కాదు, పాము కుబుసం విడిచినట్టు పాత చిప్పలు వదిలేసి కొత్తవి కట్టుకుంటుంది. అందుకే ఆ గీతలుండవు. తర్వాత లోపలివైపు కండరాల మచ్చలు చూడాలి. ఆల్చిప్పకి సాధారణంగా రెండు చివర్లా ఉంటాయి, దీనికి నడిమధ్య గుంపుగా ఉంటాయి. ఆ గుంపు అమరిక, చిప్పలు కలిసే బందు దగ్గర పళ్ళు, పైన నగిషీ, ఏ చిప్ప దేనిమీదికి ఎక్కింది, ఇవన్నీ కలిపి చూస్తేనే ప్రజాతి, జాతి తేలతాయి.

అసలు చిక్కు ఇక్కడే. చాలా జాతులు పెద్దవయ్యేలోపు ఎనిమిదిసార్లు కుబుసం విడుస్తాయి. పిల్ల చిప్పకీ పెద్ద చిప్పకీ ఆకారంలో తేడా, ఆడా మగా మధ్య ఇంకో తేడా. తొందరపడితే ఒకే జీవికి మూడు పేర్లు పెట్టేస్తాం.

దీనికి మందు మనకి బాగా తెలిసిందే: గ్రాఫ్. దొరికిన చిప్పలన్నిటి పొడవు, ఎత్తు కొలిచి చుక్కలు పెడితే అవి గుంపులుగా పడతాయి, గుంపుకో వయసు. ఒక్కో కుబుసానికి ఘనపరిమాణం రెట్టింపైతే పొడవు 1.26 రెట్లవుతుంది, అంటే 2కి ఘనమూలం. లెక్క స్థూలమే అయినా దారి చూపిస్తుంది. ఆ తర్వాతే వర్ణన: బొమ్మలు, కొలతలు, దొరికిన చోటు, దగ్గరి జాతులతో తేడా. కొత్త జాతి అయితే ఒక నమూనాని ప్రామాణికంగా ఎంచి, మ్యూజియం లాంటి చోట భద్రపరచాలి. రేపు ఎవరికైనా అనుమానమొస్తే దాన్ని తీసి చూసుకోవాలి కదా!

ఇంత చాదస్తం ఎందుకంటారా? రాజమండ్రి దగ్గర కాతేరు క్వారీల్లో రెండు లావా పొరల మధ్య సున్నపురాయి పొర ఉంది. వయసు సుమారు 6.5 కోట్ల ఏళ్ళు, డైనోసార్లు అంతరించిన కాలానికి దగ్గర. అందులో ఆస్ట్రకాడ్ శిలాజాలున్నాయి. మంచినీటి జాతులు వేరు, ఉప్పునీటివి వేరు కాబట్టి, అప్పుడు అక్కడున్నది చెరువా, ఉప్పు కయ్యా, సముద్రమా అని చెప్పే సాక్షులు అవే. పేరు తప్పు రాస్తే సాక్ష్యమే తారుమారు.

పదకొండు చిప్పలతో గ్రాఫ్ గీశా. గుంపులేం తేలలేదు, చుక్కలు చాలవు. గ్రూప్‌లో పాత పోస్టు తీసేసి, చిప్పల డబ్బీ మీద ఈ చీటీ అంటించా: "ఆస్ట్రకాడ్. జాతి తేలలేదు. భీమిలి ఒడ్డు ఇసుక, దసరా సెలవులు." ఈసారి వైజాగ్ వెళ్ళేవాళ్ళెవరైనా ఓ గుప్పెడు ఇసుక పట్టుకురండి. ఏ ఒడ్డున తీశారో మాత్రం రాసుకోవడం మర్చిపోకండి.