తాతయ్యగారూ, ఈసారి ఏం పంపుతున్నారు?

యాంగోన్: శాంతాక్లాజ్‌కి మనవాళ్ళు క్రిస్మస్ తాత అని పేరు పెట్టారు. పేరు ముద్దుగానే ఉంది గానీ, దానితో అసలు తాతలకి పెద్ద చిక్కే వచ్చిపడింది. ఎర్ర కోటు తాత మాట తప్పడు కదా, మరి మా తాతయ్య ఎందుకు తప్పుతాడన్నది పిల్లల ప్రశ్న. కెనడా తపాలా శాఖ క్రిస్మస్ తాత పేరిట వచ్చే పిల్లల ఉత్తరాలకి ఏటా జవాబులు పంపుతుంది. ఆ చిరునామాకి హెచ్0హెచ్ 0హెచ్0 అని ఒక పిన్‌కోడ్ కూడా ఉంది. సున్నాలని ‘ఓ’లుగా చదివితే హో హో హో! ఉత్తర ధ్రువం నుంచి జవాబు వస్తుంది. విశాఖపట్నం నుంచి మాత్రం సంక్రాంతి వెళ్ళినా పార్సిల్ రాదు.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఇక్కడ డిసెంబరు ఒకటో తేదీ అర్ధరాత్రి దాటగానే క్రైస్తవ యువకులు ‘స్వీట్ డిసెంబర్’ అంటూ పాటలు అందుకుంటారు. అప్పటినుంచి ఇంటింటికీ కేరల్స్ బృందాలు వస్తూనే ఉంటాయి. పిల్లలు రోజులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు. అలాంటప్పుడు “తాతయ్య పంపుతానన్నాడు కదమ్మా” అని రోజుకి నాలుగుసార్లు అడిగే పిల్లవాడికి ఏం చెప్పాలో తెలియని తల్లులు చాలామందే ఉన్నారు.

సముద్రానికి ఇటూ అటూ

ఇక్కడి తెలుగు కుటుంబాల్లో తాతలూ మామ్మలూ ఒకచోట ఉండరు. దానికి కారణం మన చరిత్రలోనే ఉంది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వచ్చినందుకు బర్మాలో తెలుగువాళ్ళకి ‘కోరంగీలు’ అన్న పేరు స్థిరపడింది. రంగూన్ రేవులో బస్తాలు మోసిందీ, రిక్షాలు లాగిందీ వాళ్ళే. శ్రీకాకుళంలో పనిచేసిన బాప్టిస్టు మిషనరీలు ఆర్మ్‌స్ట్రాంగ్ దంపతులు తర్వాత బర్మా వచ్చి మౌల్మెయిన్, రంగూన్‌లలో తెలుగు, తమిళ కూలీల మధ్య పనిచేశారు. యాంగోన్‌లో తెలుగులో ప్రార్థన జరగడం వెనక ఆ కథంతా ఉంది.

1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు వేలమంది కాలినడకన ఇండియాకి బయలుదేరారు. నెవిన్ ప్రభుత్వం దుకాణాలూ వ్యాపారాలూ జాతీయం చేశాక, 1964 నుంచి మరో విడత తిరుగు ప్రయాణాలు. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు వెలిసింది అలాగే. ఒక అన్న అక్కడ, ఒక తమ్ముడు ఇక్కడ. ఆ తర్వాత ఉద్యోగాల మీద వచ్చినవాళ్ళకి కన్నవాళ్ళు ఆంధ్రాలోనో తెలంగాణలోనో ఉన్నారు. కనక ఒకే పిల్లకి అమ్మమ్మ యాంగోన్‌లోనూ నాయనమ్మ గాజువాకలోనూ ఉండడం వింతేమీ కాదు. ఇద్దరికీ చెప్పే తీరు వేరు, అడగవలసిన వస్తువులూ వేరు.

‘మీ ఇష్టం’ అనకండి

నవంబరులో ఫోను వస్తుంది. “పిల్లాడికి ఏం పంపమంటావే?” మన జవాబు ఏమిటి? “మీ ఇష్టం మామయ్యగారూ, మీరేం పంపినా సంతోషమే.” మర్యాదకి బాగానే ఉంటుంది. కానీ సగం తగాదాలు అక్కడే మొదలవుతాయి. మామయ్యగారి ఇష్టం అంటే మూడేళ్ళవాడికి క్రికెట్ బ్యాటు. లేకపోతే చెవులు చిల్లులు పడే డప్పు. ఎనిమిదేళ్ళ పిల్లకి ఆరేళ్ళ కొలతతో పట్టులంగా. నాయనమ్మల కళ్ళకి పిల్లలు కిందటి సెలవుల్లో చూసినంతే ఉంటారు మరి!

ఒకే ఒక్క వస్తువు చెప్పండి. నాలుగు చెబితే నాలుగూ మరిచిపోతారు. అది ఎక్కడ దొరుకుతుందో, ఎంతలో దొరుకుతుందో, ఎవరి చేత పంపాలో కూడా చెప్పండి. “నాన్నా, ఫలానా వాళ్ళు డిసెంబరు పదిన వస్తున్నారు, తొమ్మిదికల్లా వాళ్ళింట్లో ఇచ్చెయ్యి” అంటే పని అవుతుంది. “ఎప్పుడైనా పంపు” అంటే ఎప్పుడూ కాదు. బట్టలైతే నిన్న కొలిచిన కొలత చెప్పి, రెండంగుళాలు మడత పెట్టి కుట్టించమనండి. అన్నిటికన్నా ముఖ్యం, వస్తువు చేతికి వచ్చేదాకా పిల్లల చెవిన వెయ్యకండి. తాతయ్యే ఫోనులో నేరుగా పిల్లాడికి మాట ఇచ్చేస్తే? అప్పుడు “తాతయ్య చూస్తానన్నారు” అని కొంచెం మెత్తగా మార్చి చెప్పండి. ‘చూస్తాను’ అన్న తెలుగు మాటకి ఉన్న అర్థాలు మన పిల్లలకి ఎలాగూ తెలియాలి.

అక్కడివాళ్ళని ఏం అడగాలి?

విశాఖ వైపు ఉన్నవాళ్ళకి ఏటికొప్పాక బొమ్మలు చెప్పండి. అంకుడు కర్రతో చేసి, లక్కలో సహజ రంగులు కలిపి అద్దుతారు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బొంగరాలు, లక్కపిడతలు, చక్రాల బండి... తేలికగా ఉంటాయి, సూట్‌కేసులో ఓ మూల పడుంటాయి. బ్యాటరీ అక్కర్లేదు. ఇది చిన్న విషయం కాదు. గంటల తరబడి కరెంటు కోతలున్న ఊళ్ళో ఛార్జింగు కారు కొనిపెడితే, వచ్చిన కాస్త కరెంటూ నీళ్ళ మోటారుకా, ఫోన్లకా, కారుకా అని ఇంట్లో పంచాయితీ! పైగా పసిపిల్లలున్న ఇంట్లో బొత్తాం బ్యాటరీల బొమ్మలు అసలే వద్దు, మింగితే ప్రాణం మీదికి వస్తుంది. కృష్ణా జిల్లా వైపు వాళ్ళయితే కొండపల్లి బొమ్మలు అంటారు. అందమైనవే, కానీ తెల్లపొణికి కర్ర సున్నితం. అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి పెద్దవాళ్ళకి బాగుంటాయి గానీ, నాలుగేళ్ళవాడి చేతిలో దశావతారాల్లో ఎన్ని మిగులుతాయో చెప్పలేం.

పుస్తకాలు అడగండి. పాత చందమామలు కట్ట కట్టి అటక మీద పెట్టుకున్న తాతయ్య ఏ ఇంట్లోనైనా ఉంటాడు. ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు కనక ఆ కట్టకి విలువ పెరిగిందే తప్ప తగ్గలేదు. పిల్లలకి తెలుగు చదవడం రాదంటారా? ఇక్కడ పుట్టిన చాలామందికి రాదు, బడిలో బర్మీస్, ఇంట్లో సగం సగం. బొమ్మలు చూస్తారు, మీరు చదివి వినిపిస్తారు. అసలు అటక దిగని కట్ట కన్నా అది నయమే కదా.

ఇక్కడి అమ్మమ్మల బంగారం

యాంగోన్ అమ్మమ్మల తీరు వేరు. మనవరాలు బంతి అడిగితే చెవులకి దిద్దులు తెస్తుంది. పిల్ల ముఖం మాడ్చుకుంటుంది, అమ్మమ్మ నొచ్చుకుంటుంది. దీని వెనక ఉన్నది చాదస్తం కాదు. 1964లో 50, 100 క్యాట్ల నోట్లు చెల్లవన్నారు. 1985లో మళ్ళీ 20, 50, 100 నోట్లు పోయాయి. ఆ తర్వాత 25, 35, 75 నోట్లని 1987 సెప్టెంబరులో పరిహారమేమీ ఇవ్వకుండానే రద్దు చేశారు. తర్వాత తొమ్మిదితో భాగించబడేలా 45, 90 క్యాట్ల నోట్లు వేశారు! ఒక జీవితకాలంలో మూడుసార్లు కాగితం కాగితమే అయిపోవడం చూసిన మనిషి కవరులో నోటు పెట్టి ఇవ్వమంటే ఇస్తుందా? ఇచ్చినా మాత్రం ఏం లాభం? 2021 ఫిబ్రవరికి ముందు డాలరు సుమారు 1,330 క్యాట్లు. 2022 ఆగస్టులో అధికారిక రేటు 2,100 చేశారు, బయటి బజారు దానికి రెట్టింపు దాటింది. 2020 క్రిస్మస్‌కి దాచి పెట్టిన 50,000 క్యాట్లు అప్పట్లో 37 డాలర్లు, తర్వాత 12 డాలర్లు కూడా కాలేదు.

కనక అమ్మమ్మతో బంగారం మీద వాదించకండి. దిద్దులు అమ్మ దగ్గర భద్రంగా ఉంటాయనండి. వాటితోపాటు “పిల్ల ఆడుకోవడానికి ఒక పిట్ తైంగ్ టౌంగ్ కూడా” అని అడగండి. ఎన్నిసార్లు పడదోసినా లేచి కూర్చునే ఆ కాగితపు గుజ్జు బొమ్మ ఆవిడ చిన్నప్పుడూ ఉంది. ష్వేడగోన్ మెట్ల దారిలో దుకాణాల వాళ్ళ దగ్గర చూడొచ్చు. పెద్ద పిల్లలకి పేము చిన్‌లోన్ బంతి. డిసెంబరు చల్లగా, పొడిగా ఉంటుంది, సాయంత్రం వీధిలో ఆడుకోవడానికి అంతకన్నా మంచి కాలం లేదు. బొజో మార్కెట్‌కి వెళ్ళే పనైతే సోమవారం వెళ్ళకండి, సెలవు. పుస్తకాలకి పాన్‌సోడాన్ వీధి పేవ్‌మెంటు ఉండనే ఉంది.

‘మరిచిపోయానమ్మా’ అంటే

ఇక అసలు విషయం. ఏటా మాట ఇచ్చి ఏటా మరిచిపోయే తాతయ్యని తప్పుపట్టే ముందు ఒకసారి ఆలోచించండి. కొడుకు నెలనెలా పంపే డబ్బుతో మందులు కొనుక్కునే మనిషి “నా దగ్గర లేవురా” అని మనవడితో అనలేడు. “మరిచిపోయాను” అనడం తేలిక. అలాంటి చోట వస్తువు అడగడం ఆయన్ని ఇబ్బంది పెట్టడమే. కాణీ ఖర్చు లేనిదే అడగండి. ఆయన గొంతుతో ఒక కథ. మామ్మ వాళ్ళ చర్చిలో పాడే పాట. వాళ్ళ నాన్న ఏ ఊరి నుంచి ఏ ఓడెక్కి వచ్చాడో, తిరిగి ఎలా వెళ్ళాడో పది నిమిషాల ముచ్చట. పక్కింటి కుర్రాడి ఫోనులో రికార్డు చేసి పంపమంటే సరి. పండగ రోజు వీడియో కాల్‌లో వింటాంలే అనుకోకండి. 2021 నుంచి ఇక్కడ ఫేస్‌బుక్ నిషేధంలో ఉంది, 2024 మధ్యలో వీపీఎన్‌లని కూడా అడ్డుకోవడం మొదలైంది. క్రిస్మస్ ఉదయం లైను దొరుకుతుందన్న నమ్మకం లేదు. రెండు వారాల ముందే తెప్పించి దాచుకోండి. పిల్లలకి ఆ తెలుగు సగమే అర్థమైనా, ఆ గొంతు వాళ్ళ దగ్గర ఉంటుంది.

మరో రకం మరుపు ఉంది. ఎప్పుడూ తేదీ తప్పని మనిషి ఈసారి ఒకే బొమ్మ రెండుసార్లు పంపినా, పంపిన సంగతే గుర్తు లేకపోయినా, మనవడి పేరుకి బదులు కొడుకు పేరు పదే పదే అన్నా, దాన్ని నవ్వులాట చెయ్యకండి. అక్కడున్న తమ్ముడికో చెల్లెలికో చెప్పి డాక్టరుకి చూపించమనండి.

ఇన్ని చేసినా ఏమీ రాకపోతే? చాలామంది తామే ఒక బొమ్మ కొని ‘తాతయ్య నుంచి’ అని రాసేస్తారు. నాకైతే అది నచ్చదు. సాయంత్రం పిల్లాడు ఫోను చేసి “తాతా, లారీ బాగుంది” అంటాడు. “ఏ లారీరా?” అంటాడు ఆయన. ఇద్దరి ముందూ మీరు దొరికిపోతారు. మీరు కొన్నది మీ పేరునే ఇవ్వండి. తాతయ్యది వచ్చినప్పుడే తియ్యండి, జనవరి అయినా, మార్చి అయినా. ఆ రోజే పిల్లాడి చేత ఆయనకి రెండు వాక్యాలు తెలుగులో రాయించి, ఫోటో తీసి పంపండి.